మంగళవారమా, గురువారమా?

జూన్ 4

వదినగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. హాస్టల్ గది అగ్గిపెట్టంత ఉంది. నాతోపాటు గదిలో ఉన్నావిడ ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున లేస్తూనే పిల్లల ఫొటోకి గుడ్ మార్నింగ్ చెప్పి, కళ్ళు తుడుచుకుని క్లాసుకి వస్తుంది. ఇంత మెత్తగా ఉంటే రేపు నలుగురు తల్లులకి ఏం నేర్పుతుందో నాకర్థం కాదు.

శిక్షణ మాత్రం అద్భుతంగా ఉంది. 'పసిపిల్లల భావ వికాసం, స్వావలంబన' మీద రోజంతా పాఠాలే. పిల్లల్ని ఎలా పెంచాలో ఇన్నాళ్ళకి తెలుస్తోంది. అది తెలుసుకోవడానికి ఉన్న ఒక్క పిల్లనీ మూడు నెలలపాటు మీ దగ్గర వదిలి రావాల్సి వచ్చిందని బస్సు దగ్గర మీరు నవ్వారు. నేను మనసులో పెట్టుకోలేదు.

పాప విషయంలో కొన్ని సంగతులు. తనని దయచేసి 'మిరియం' అని పిలవకండి. పిల్లలకి అలా ముద్ర వేస్తే ఆ ముద్రలోనే పెరుగుతారు. 'ఏడవకు' అనకండి, ఏడుపు వాళ్ళ హక్కు. తను చేసుకోగల పని మీరు చేసిపెట్టకండి, ఎంత ఆలస్యమైనా సరే. 'ఇది చెయ్' అని ఆజ్ఞాపించకండి. రెండు చూపించి, ఏది కావాలో ఎంచుకోమనండి. ఆ రెండూ పెద్దవాళ్ళకి సమ్మతమైనవే అయుండాలి, అదీ కిటుకు. నిర్ణయం తనదే అనుకుంటుంది, మన పనీ అయిపోతుంది. కవర్లో ఏడు మొహాల పటం పెట్టాను. రోజూ సాయంత్రం తన మనసు ఏ మొహంలా ఉందో వేలు పెట్టి చూపించమనండి.

ఫోన్ మాత్రం వద్దు. మాకు పాఠాలు చెప్పే పెద్ద మేడమ్ రాసిన పుస్తకం ప్రకారం, దూరంగా ఉన్న తల్లి గొంతు వింటే పిల్ల మనసు చెదిరిపోతుంది. అందుకే మా ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టేశారు. ఉత్తరాలు చాలు. నా ప్రస్తావన మీ అంతట మీరు తేకండి. పాప తెస్తే మాట్లాడండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. రైలు డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా మీ తమ్ముడు పాపకి చాక్లెట్లు తెస్తారు. చాక్లెట్ ప్రేమకి బదులు కాదని ఆయనకి చెప్పండి.


జూన్ 11

మరదలికి,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను. తరవాత రాసేదాంట్లో దీవెనలు తక్కువ.

నీ ఉత్తరం షాపులో కటింగ్ టేబుల్ మీద పెట్టి, కటింగ్ మాస్టారి చేతా, మిషన్ల మీద కూర్చునే ఇద్దరమ్మాయిల చేతా కూడా చదివించాను. ఇది టైలరింగ్ షాపమ్మా, బడి కాదు! అయినా తమ్ముడి పెళ్ళాం మాట తీసెయ్యడం ఎందుకని సరేనన్నాను. ముద్ర పడుతుందట, ముద్ర! చిన్నప్పుడు నన్నందరూ 'గయ్యాళి' అనేవాళ్ళు. పెద్దయ్యాక నేనేమైనా గయ్యాళినయ్యానా? మాస్టారిని అడిగితే టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

సోమవారం నీ కూతురు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటానంది. తొందరపెట్టద్దన్నావు కదా, తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పై గుండీ తీసుకెళ్ళి కింది కాజాలో దూర్చింది. అన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. విప్పి మళ్ళీ మొదటికి! నా తలప్రాణం తోకకొచ్చింది. షాపు తెరిచేసరికి కస్టమర్లు మెట్ల మీద కూర్చుని నన్ను తిట్టుకుంటున్నారు. కానీ "నేనే పెట్టుకున్నా అత్తా" అంటూ పొట్ట ముందుకు పెట్టి తిరిగింది చూడు, ఆ మాటకి నా కోపం ఎటు పోయిందో తెలీదు.

ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోమనే కిటుకుకి మాత్రం నీకు దండం పెట్టాలి. "పాలు తాగు" అంటే ఇల్లు పీకి పందిరేసే పిల్ల, "గ్లాసులోనా, కప్పులోనా?" అంటే బుద్ధిగా ఆలోచించి "కప్పు" అంది. నేను నోరెళ్ళబెట్టాను. ఆ రోజే ఎదురింటి ప్లీడరు వచ్చి, ప్యాంటు రేపే కావాలని ఒంటికాలి మీద లేచాడు. ఏదో బుద్ధి పుట్టి, "మంగళవారం ఇమ్మంటారా, గురువారం ఇమ్మంటారా?" అన్నాను. మనిషి గడ్డం గోక్కుని, "మంగళవారం" అని గెలిచినవాడిలా వెళ్ళిపోయాడు! 'రేపు' అన్న మాట ఊసే లేదు. ఇన్నేళ్ళూ కస్టమర్ల చేత అనవసరంగా మాటలు పడ్డానే అనిపించింది. ఇప్పుడు మా షాపులో అందరికీ మంగళవారమా, గురువారమా అనే ప్రశ్న ఒక్కటే.

మిరియం అని పిలవడం మానను. ముద్ర పడితే పడనీ. ఆడపిల్లకి కాస్త ఘాటుండాలి.

నీ వదిన


జూన్ 20

వదినగారికి,

మీ ఉత్తరం చదివాక సంతోషం కలిగింది, బాధ కలిగింది, కొంత కోపం కూడా వచ్చింది. మూడిటినీ విడివిడిగా గుర్తుపట్టగలిగాను. ఇదంతా శిక్షణ మహిమే.

పిల్లల వ్యక్తిత్వం కోసం కనిపెట్టిన పద్ధతిని ప్యాంట్ల కోసం వాడడం ఏం న్యాయం? పెద్ద మేడమ్ నొచ్చుకుంటారని ఆవిడకి చెప్పలేదు. ఆ పద్ధతి ఎంత గొప్పదో చూడండి. మెస్సులో సూపు నీళ్ళలా ఉంటోందని మొన్న మేమంతా కట్టకట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాం. "వేడిగా కావాలా, చల్లగా కావాలా?" అన్నారు. వేడిగా కావాలని చెప్పి సంతోషంగా వచ్చేశాం. సూపు ఇప్పటికీ నీళ్ళలాగే ఉంది, కానీ వేడిగా ఉంది.

మీరు పటం సంగతే రాయలేదు. పాప ఏ మొహం మీద వేలు పెడుతోంది? ఏడుపు మొహం మీద ఎప్పుడైనా పెట్టిందా? నా గురించి అడిగిందా? అడిగితే ఏ గొంతుతో అడిగింది? పడుకునేముందు అడిగిందా, లేచాక అడిగిందా? క్లాసులో నివేదిక చదవాలి, అందుకే ఇన్ని అడుగుతున్నాను. వేరే ఏం లేదు.

మీ మరదలు


జూన్ 29

మరదలా,

బాగున్నావా అని అడగను. ఏ మొహంలా ఉన్నావో నువ్వూ వేలు పెట్టి చూపించు!

పటం ఇంట్లో గోడకి తగిలిస్తే మా తమ్ముడు ఆ మేకుకే టోపీ తగిలించాడు. నీ మొహాలన్నీ చీకట్లో పడ్డాయి. అందుకని షాపుకి తెచ్చి, ట్రయల్ రూములో అద్దం పక్కన అంటించాను. అది షాపువాళ్ళ ఏర్పాటని జనం అనుకున్నారు. కోటు వేసుకుని అద్దంలో చూసుకోవడం, పటంలో మొహం మీద వేలు పెట్టడం! బ్యాంకు మేనేజరమ్మ చంకల దగ్గర బిగిసిందని కోపం మొహం చూపించింది. అక్కడే స్టూలు మీద కూర్చున్న నీ కూతురు, "నీ కోపం ఎంత పెద్దది? చేతులు చాపి చూపించు" అంది. ఆవిడ చాపింది. చంకలో కుట్టు పటుక్కున తెగింది. "ఇప్పుడు వదులైందా?" అంది మిరియం. ఈ దెబ్బతో కస్టమర్ పోయిందే అనుకున్నాను. ఆవిడ కడుపుబ్బ నవ్వింది. ఇప్పుడు కుట్టించుకునేది ఏమీ లేకపోయినా వచ్చిపోతోంది. మొన్న మొగుడి మీద కోపం చూపించడానికి చేతులు చాలక గుమ్మం దాకా నడిచింది.

నీ నివేదికకి రాసుకో. రోజూ నవ్వు మొహమే. ఒక్క సాయంత్రం కూడా వేలు పక్కకి పోలేదు. నీ గురించి అడగనే లేదు. మేమూ ఎత్తలేదు. నువ్వు చెప్పావు కదా అని షాపులో 'అమ్మ' అన్న మాటే నిషేధం. మిషను అమ్మాయికి సూది గుచ్చుకుని "అమ్మా!" అని అరిస్తే, "నాన్నా అని అరువు" అని మాస్టారు కసిరాడు.

కాబట్టి నిశ్చింతగా చదువుకో. పిల్ల నిన్ను మరిచిపోయి హాయిగా ఉంది.

నీ వదిన


జూలై 9

పాప ప్రగతికి కారకులైన వదినగారికి,

మీ ఉత్తరంలో పటం గురించి రాసిన ముక్కలు క్లాసులో చదివాను. చప్పట్లే చప్పట్లు. 'తల్లి మీద ఆధారపడని బిడ్డ' అని పెద్ద మేడమ్ బోర్డు మీద రాసి, కింద నా పేరు రాశారు. మా గదిలో ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. "మీకేం అనిపించడం లేదా?" అని అడిగింది. గర్వంగా ఉందన్నాను. తరవాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు కూర్చున్నాను. ఇక్కడ కుళాయి చప్పుడు బాగా ఎక్కువ.

ఇంకో విశేషం. శిక్షణ అయ్యాక మరో రెండు మూడు నెలలు తనకి సహాయకురాలిగా ఉండమని పెద్ద మేడమ్ అడుగుతున్నారు. తల్లి లేకుండానే ఇంత చక్కగా ఎదుగుతున్న బిడ్డకి తల్లిని కాబట్టి, నేను మిగతా తల్లులందరికీ ఆదర్శమట. నా ఇష్టం కాదు, పాప ఇష్టం అన్నాను. కాబట్టి తననే అడగండి. మీరు ఒత్తిడి పెట్టద్దు. పద్ధతి ప్రకారం అడగండి. ఏం చెబితే అదే నాకు శాసనం.

మీ మరదలు

తా.క. ఆఫీసు ఫోన్ నుంచి ఒక్కసారి చేస్తే ఎలా ఉంటుంది? పాప ఉచ్చారణ ఎంత మెరుగైందో తెలుస్తుంది. తను నాతో మాట్లాడక్కర్లేదు. పక్కన ఆడుకుంటున్నప్పుడు మీరు ఊరికే ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు.


జూలై 17

మరదలికి,

ఫోనా? హవ్వ! ఆ పుస్తకం చదివావా, దిండు కింద పెట్టుకుని పడుకున్నావా? తల్లి గొంతు వింటే పిల్ల మనసు చెదురుతుందని నాకు రాసింది ఎవరు? ఇప్పుడు వీధిలో తల్లులందరూ పిల్లల్ని వెంటేసుకుని నా దగ్గరికే వస్తున్నారు. కొలతలు తీసుకుంటూనే నీ పద్ధతులన్నీ నూరిపోస్తున్నాను. పక్క వీధిలో పళ్ళ డాక్టరు కూడా వచ్చి రెండింట్లో ఒకటి కిటుకు నేర్చుకుని వెళ్ళాడు. ఇంతమంది నన్ను నమ్ముకుని ఉంటే, మధ్యలో నువ్వు ఫోన్ చేసి నా పరువు తీస్తావా? వీల్లేదు.

ఇక నువ్వు అడగమన్నది అడిగాను. పద్ధతి ప్రకారమే. నేల మీద కూర్చున్నాను, కళ్ళలోకి చూశాను, తొందరపెట్టలేదు. చాలాసేపు ఆలోచించి "రెండు నెలలు" అంది. నువ్వు ఇంకో రెండు నెలలు అక్కడే ఉండచ్చట! ఏడవలేదు, మారాం చెయ్యలేదు. లేచి వెళ్ళి గుండీల డబ్బాలో ఎర్రవన్నీ ఒకవైపు, నల్లవన్నీ ఒకవైపు వేరుకుంటూ కూర్చుంది. సాయంత్రం మామూలే, నవ్వు మొహం. నీ కూతురు నీకంటే పెద్దమనిషి.

నీ వదిన


జూలై 22

వదినగారికి,

ఉత్తరం అందింది. పాప నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను. ఉంటానని పెద్ద మేడమ్‌కి చెప్పేశాను.

ఆ రోజు బస్సు దగ్గర పాప నా బ్యాగు పట్టా పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి బస్సెక్కాను. మీరూ చూశారు. ఆ పిల్ల ఇంతలోనే 'ఉండి రా' అందంటే, నా అవసరం తీరిపోయిందన్నమాట. మీరున్నారు, అద్దం ఉంది, గుండీల డబ్బా ఉంది. ఇంకేం కావాలి?

పైన కొట్టేసిన వాక్యం చదవకండి.

మరదలు


జూలై 28

అమ్మాయ్,

కొట్టేసిన వాక్యం వెలుతురుకి పట్టి చదివాను. 'మీకు పిల్లలు లేరు కాబట్టి' దాకా చదివి ఆపేశాను. మండిపోయి నిన్న నీకొక ఉత్తరం రాశాను. ఈ రోజు అది చించి పారేశాను. అందులో తిట్లన్నీ నీకు తగినవే కానీ, ఇప్పుడు వాటికి టైము లేదు.

నిన్న ఒక పెద్దావిడ మనవరాలి గౌను కోసం వచ్చింది. మంగళవారమా, గురువారమా అన్నాను. "ఈ రోజే కావాలి" అంది. మళ్ళీ మంగళవారం అనబోయాను. ఆవిడ తిన్నగా వెళ్ళి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుంది. లేవదే! చివరికి నేనూ, మాస్టారూ చేతిలో పనులన్నీ పక్కన పడేసి గౌను కుట్టి ఇచ్చి పంపాం. మిరియం స్టూలు మీద నుంచి ఇదంతా కళ్ళార్పకుండా చూసింది.

ఈ పొద్దున షాపు తెరవగానే తన బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ బెంచీ మీదే కూర్చుంది. "ఏమిటే?" అన్నాను. "నాకు ఈ రోజే కావాలి" అంది. "ఏం కావాలే తల్లీ?" అన్నాను.

"అమ్మ" అంది.

"మరి రెండు నెలలన్నావు కదే?" అంటే, "నువ్వు రెండు నెలలా, మూడు నెలలా అని అడిగావు. మూడు ఎక్కువ కదా అత్తా" అంది.

అవును మరదలా, అలాగే అడిగాను. రెండూ పెద్దవాళ్ళకి సమ్మతమైనవే ఉండాలన్నావు కదా, పెద్దవాళ్ళకి సమ్మతమైనవే పెట్టాను. రమ్మనడం అనేది అందులో లేదని నాకు తట్టనే లేదు. ప్యాంట్లకి అడిగినట్టు అడిగేశాను.

మరి రోజూ నవ్వు మొహం ఎందుకు చూపించావే అంటే ఏమందో తెలుసా? "ఏడుపు మొహం చూపిస్తే ఎందుకు, ఎంత, ఎప్పటినుంచి అని అడుగుతూనే ఉంటారు. నవ్వు మొహం చూపిస్తే ఆడుకోనిస్తారు" అంది. మిషను అమ్మాయిలిద్దరూ "అమ్మా" అని ఏడ్చేశారు. మాస్టారు ఈసారి ఏమీ అనలేదు.

మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ పెద్ద మేడమే ఎత్తింది. "కబురు శుక్రవారం చెప్పమంటారా, శనివారం చెప్పమంటారా?" అని అడిగింది. ఆవిడనీ నన్నూ కలిపి తిట్టుకుని ఫోన్ పెట్టేశాను. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతికే ఇస్తానని ఒట్టు పెట్టాడు. పిల్ల రొట్టె కూడా బెంచీ మీదే తింది. లేవనంటోంది.

అదే బస్సులో వచ్చెయ్.

వదిన


ఆగస్టు 9

వదినగారికి,

పాపతో క్షేమంగా మా ఊరు చేరాం. ఆ రోజు కంగారులో మీకు సరిగ్గా ఒక్క మాటైనా చెప్పలేదు. కొట్టేసిన వాక్యం గురించి ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. తప్పు మాట వదినగారూ. క్షమించండి. నా పిల్లకి నేను లేని రోజుల్లో మీరున్నారు.

చదువు మధ్యలో వదిలేసినందుకు పెద్ద మేడమ్ బోర్డు మీద నా పేరు తుడిపేశారట. మా గదిలో ఆవిడ మాత్రం నా పెట్టె మోసుకుంటూ బస్సుదాకా వచ్చింది. ఆవిడ దగ్గర పిల్లల ఫొటో ఒక్కసారి అడిగి తీసుకుని చూశాను. ఇన్నాళ్ళూ ఒక గదిలో ఉండి కూడా చూడలేదు.

మీ బెంచీ మీద నుంచి దూకి పాప నా నడుం పట్టుకోవడం మీరు చూశారు. అంతవరకే. ఇంటికొచ్చాక నేనెవరో పక్కింటావిడని అన్నట్టు మర్యాదగా ఉంటోంది. పాలు తనే పోసుకుంటుంది, పక్క తనే సర్దుకుంటుంది. తల దువ్వబోతే, "థాంక్యూ అమ్మా, నేను దువ్వుకుంటా" అంటుంది. పాపిట పాములా వంకర. సరిచెయ్యబోయి చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాను. వీధిలో చెయ్యి పట్టుకుంటే, "రోడ్డు దాటేటప్పుడు పట్టుకో" అంటుంది. రోజుకి పదిసార్లు నాతో రోడ్డు దాటిస్తున్నాను, అవతల మాకేం పని లేకపోయినా.

పుస్తకంలో ఉండే పిల్ల అచ్చం ఇలాగే ఉంటుంది. నేను కోరుకున్నదీ ఇదే. నాకు ఏడుపొస్తోంది వదినగారూ. కుళాయి తిప్పకుండానే ఏడుస్తున్నాను. నిన్న చూసి, "నీ దిగులు ఎంత పెద్దది?" అని అడిగింది. చేతులు బార్లా చాపాను. "సరే" అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నన్ను ఇంక దగ్గరికి రానివ్వదేమో.

మీ మరదలు


ఆగస్టు 14

మరదలికి,

క్షమించడానికేముంది, నేను చించేసిన ఉత్తరం నువ్వు చూడలేదు కాబట్టి ఇద్దరం సమానమే.

ట్రయల్ రూములో పటం పీకేశాను. బ్యాంకు మేనేజరమ్మ వచ్చి ఖాళీ గోడ చూసి ఉసూరుమంది. ప్లీడరుకి ఏ రోజుకి వీలవుతుందో ఆ రోజే చెబుతున్నాను, మళ్ళీ తిడుతున్నాడు. మాస్టారు పొరపాటున మిరియం కోసం ఎర్ర గుండీలు ఏరి పక్కన పెట్టాడు. నాకు పిల్ల మీద బెంగగా ఉంది. ఎంత పెద్దదని మాత్రం అడక్కు.

సలహా ఇమ్మంటే ఇవ్వలేను. నీ పుస్తకం పుణ్యమా అని నా దగ్గరున్న సలహాలన్నీ ఊళ్ళోవాళ్ళకి పంచేశాను. ఇప్పుడు వాళ్ళందరూ వచ్చి తిరిగిచ్చేస్తున్నారు. పిల్ల పక్కన ఊరికే కూర్చో, అంతే. ఏమీ అడక్కు, ఏమీ నేర్పకు. నీ చేతులు ఖాళీగా ఉన్నాయని దానికి కనపడాలి కదా!

నీ వదిన


ఆగస్టు 23

వదినా,

'గారు' పెట్టడం మరిచిపోయాను. ఉండనివ్వండి.

పాపని బడిలో వేశాం. కొత్త బూట్లు కొన్నాం, తాళ్ళు కట్టుకునేవి. ఈ పొద్దున బయల్దేరేముందు మెట్టు మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, కుడికాలి తాడు తనే కట్టుకుంది. చక్కగా వచ్చింది ముడి. నేను పక్కనే ఊరికే కూర్చున్నాను. నోరు తెరవలేదు, మీ మీద ఒట్టు.

ఎడమకాలు ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వు కట్టు" అంది.

బుద్ధి ఉండక్కర్లేదూ, "అదేం, నీకు వచ్చు కదా?" అన్నాను.

"వచ్చు. నువ్వు కట్టు."

కట్టాను. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, తాడు కొస పట్టి లాగి ఊడదీసి, "మళ్ళీ కట్టు" అంది. మళ్ళీ కట్టాను. మళ్ళీ ఊడదీసింది. ముడిలో తప్పేం లేదు వదినా, నేను చూసుకున్నాను. ఊరికే ఊడదీసింది. పడిపోకుండా నా మెడ పట్టుకుని, మళ్ళీ, మళ్ళీ అంటూనే ఉంది. ఎన్నిసార్లు కట్టానో నాకు తెలీదు.

మేము వెళ్ళేసరికి బడి గంట కొట్టేశారు. ఇంత ఆలస్యం ఎందుకయిందని గేటు దగ్గర టీచరమ్మ గట్టిగా అడిగింది. నేను ఏదో సర్దిచెప్పబోయేలోగా పాపే చెప్పింది.

"మా అమ్మ కొత్త కదా టీచర్, ఇంకా నేర్చుకుంటోంది."

టీచరమ్మ నవ్వాపుకుని, రేపటినుంచైనా టైముకి రమ్మంది. కుదరదని చెప్పాను.

మీ మరదలు